కర్రీ పాయింట్‌లో కవర్లు ఆపేస్తే సాంబారు దేంట్లో పోసివ్వాలి?

గోంగూరపప్పు:

అందరికీ నమస్తే అండి. మాది కృష్ణా జిల్లాలో ఒక చిన్న టౌను. నేనూ మా ఆయనా కర్రీ పాయింట్ నడుపుతున్నాం, వంటంతా మా అత్తయ్య చూసుకుంటారు, కౌంటర్ నాది. పప్పు, సాంబారు, రెండు వేపుళ్లు, ఒక ఇగురు, రోటి పచ్చడి, రసం, పెరుగు, ఆదివారం అయితే కోడికూర. అన్నీ కవర్లో పోసి మెలిపెట్టి రబ్బరు బ్యాండు వేసి, పైన ఒక హ్యాండిల్ కవర్లో పెట్టి ఇచ్చేస్తాం, ఈ లైన్లో ఉన్నోళ్లంతా చేసేదే.

పోయిన వారం మున్సిపాలిటీ వాళ్లు బజారంతా తిరిగి ఉన్న కవర్లన్నీ పట్టుకెళ్లారు, ఫైను కూడా రాశారు. మా ఒక్కళ్లకే కాదులెండి, పక్క కిరాణా కొట్టాయనకి, ఎదురు చికెన్ సెంటర్ ఆయనకి, చివరికి పూలమ్మే ఆవిడకి కూడా. సరే రూలు రూలే, కాదనను, కానీ ఏ కవరైతే వాడొచ్చో అది చెప్పండి సార్ అంటే "ప్లాస్టిక్కే వాడకూడదమ్మా" అని ఒక్క ముక్క అనేసి బండెక్కి వెళ్లిపోయారు. ప్లాస్టిక్కే వద్దంటే మరి పాల ప్యాకెట్ ఏంటి, నూనె ప్యాకెట్ ఏంటి, అవన్నీ అరిటాకులో వస్తున్నాయా?

మర్నాడే మాకు సరుకు వేసే కుర్రాడు "బయో కవర్లు" అని పట్టుకొచ్చాడు. లేత ఆకుపచ్చ రంగు, మీద ఆకు బొమ్మ, ఇంగ్లీషులో ఏదో రాసుంది. కిలో రేటు మామూలు కవరుకి రెండింతలు పైనే. ఇవి భూమిలో కలిసిపోతాయక్కా ఎవరూ ఏమీ అనరు అంటాడు. నాకైతే నమ్మబుద్ధి కావట్లేదు, పట్టుకుంటే మామూలు కవరు లాగానే ఉంది. చెరకు పిప్పి గిన్నెలు కూడా చూపించాడు, చూడ్డానికి బాగున్నాయి, మూతతో కలిపి ఒక్కోటి ఆరు రూపాయలు చెప్పాడు. పప్పు ప్యాకెట్ పాతిక రూపాయలకి అమ్మేదాన్ని, అందులో ఆరు గిన్నెకే పోతే ఇంక మాకు మిగిలేది ఏముంటది. ఒక్కొక్కళ్లు మూడు నాలుగు రకాలు తీసుకెళ్తారు కదా.

ఇంకోటి, వేడి సాంబారు కవర్లో పోస్తే క్యాన్సర్ వస్తదని ఫోన్లో వీడియోలు తిరుగుతున్నాయి, మా ఆయన అవి చూసి రోజూ నన్ను భయపెడుతున్నాడు. మేము పోసేది పొగలు కక్కే సాంబారే మరి.

అసలు రూలు ఏంటి, ఆ బయో కవర్లు నిజమా, మాలాంటి వాళ్లు దేంట్లో కట్టివ్వాలి, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్. "వ్యాపారం మానెయ్యండి" లాంటి సలహాలు మాత్రం వద్దు, అవి మా ఆడపడుచు ఇప్పటికే చాలా ఇచ్చింది.


ప్యాకింగ్‌బాబాయ్:

అమ్మా, నాది బెజవాడ వన్‌టౌన్‌లో ప్యాకింగ్ మెటీరియల్ షాపు, ఈ ప్రశ్న నన్ను రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తా, ఓపిగ్గా చదువు.

ముందు అందరూ కలిపేస్తున్నది ఏంటంటే, 2022 జులై 1 నుంచి దేశమంతా ఆపేసిన వస్తువుల లిస్టు వేరు, కవర్ల మందం రూలు వేరు. ఆ లిస్టులో ఉన్నవి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, కప్పులు, స్పూన్లు, ఫోర్కులు, స్ట్రాలు, ట్రేలు, ఐస్‌క్రీమ్ పుల్లలు, బెలూన్ పుల్లలు, స్వీట్ బాక్సు మీద చుట్టే పల్చటి ఫిల్ము, డెకరేషన్ థర్మోకోల్ లాంటివి. అవి ఎంత మందం ఉన్నా వాడకూడదు. కవర్లు అలా కాదు. హ్యాండిల్ ఉండి చేత్తో పట్టుకుపోయే కవరు అయితే 120 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండాలి, 2022 డిసెంబర్ 31 నుంచి ఇదే లెక్క, అంతకు ముందు 75, దానికి ముందు 50. నువ్వు పప్పు పోసి రబ్బరు బ్యాండు వేస్తున్నావే, హ్యాండిల్ లేని కవరు, అది సరుకు చుట్టే కవరు కింద లెక్క, దానికి 50 మైక్రాన్లు చాలు. ఇది కేంద్రం 2016లో తెచ్చిన ప్లాస్టిక్ చెత్త రూల్స్‌లోనే ఉంది. పాల ప్యాకెట్ లాంటివి ఫ్యాక్టరీలోనే సీలు వేసి వచ్చేవి కాబట్టి క్యారీబ్యాగ్ కిందకి రావు, అందుకే వాళ్లని ఎవరూ పట్టుకోరు. అయితే ఒకటి, కొన్ని ఊళ్లలో లోకల్‌గా ఇంకా గట్టి రూలు పెట్టుకుంటారు, కాబట్టి నీకిచ్చిన ఫైను రసీదు తీసి ఏ రూలు కింద రాశారో చూడు, అది చూడకుండా కొత్త సరుకు మాత్రం కొనకు.

నల్ల కవర్లు, ముదురు రంగు కవర్లు అసలు షాపులోకే రానివ్వకు. అవి ఎక్కువ భాగం రీసైకిల్ మాలు, తినేవి వాటిల్లో పెట్టకూడదు. చికెన్ సెంటర్ ఆయనకి ఫైను పడిందంటే నాకేం ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు అసలు విషయం. కవరు మీద "50 మైక్రాన్" అని రాసుంటే నమ్మకు, కాటా మీద పెట్టు. మీ ఇంట్లో మిషను అక్కర్లేదు, లెక్క నేను చెప్తా. 50 మైక్రాన్ల ఎల్‌డీ షీటు, అంటే మామూలు మెత్తటి పాలిథిన్, చదరపు మీటరు సుమారు 46 గ్రాములు తూగుద్ది. 6 బై 8 అంగుళాల కవరు తీసుకుంటే రెండు వైపులా కలిపి ఒక్కోటి 2.8 గ్రాముల పైచిలుకు. అంటే కిలోకి 350 కవర్లు రావాలి. నీకు కిలోకి 700 వస్తున్నాయంటే అది పాతిక మైక్రాన్ల సరుకు, 800 దాటితే ఇంకా అన్యాయం. కిలోకి ఎక్కువ వస్తున్నాయి కదా లాభం అనుకుంటారు మావాళ్లు, ఫైను పడేది దానికే. కిలో 160 రూపాయలు అనుకో, పల్చటి కవరు 23 పైసలు పడుద్ది, సరైన కవరు 46 పైసలు. ప్యాకెట్‌కి పావలా తేడా అమ్మా, అంతే, ఈ పావలా దగ్గర కక్కుర్తి పడే బజారు బజారంతా ఇబ్బంది పడుతున్నారు.

పైన వేసే హ్యాండిల్ కవరు మాత్రం మానెయ్. 120 మైక్రాన్లది కొని ఊరికే ఇస్తే నీకు గిట్టదు. జనం ఇంటి నుంచి సంచి తెచ్చుకోరా, తెచ్చుకుంటారు, రెండు వారాలు సణుగుతారు ఆ తర్వాత అలవాటు పడతారు. నాన్‌ఓవెన్ సంచులు గుడ్డ సంచులు అనుకుని కొనకు, అవి కూడా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కే, వాటికి కూడా 60 జీఎస్ఎమ్, అంటే చదరపు మీటరుకి 60 గ్రాములు, ఉండాలని రూలు.

బయో కవర్ల గురించి సాయంత్రం రాస్తా, షాపులో గిరాకీ వచ్చింది.


ఓరుగల్లుపిల్లగాడు:

అక్కా ఏమనుకోకు గని ఫైన్లు ఎప్పుడూ మీ అసొంటోళ్లకే పడ్తయి. చిప్స్ ప్యాకెట్లు, గుట్కా ప్యాకెట్లు, షాంపూ ప్యాకెట్లు ఊరు ఊరంతా మోర్ల నిండ ఉంటయి, వాటినెవ్వరు అడగరు. 2016 రూల్స్‌ల రీసైకిల్ కాని మల్టీలేయర్ (పొరల మీద పొరలు అంటించిన) ప్లాస్టిక్ రెండేండ్లల్ల బంద్ చెయ్యాలె అని రాసిన్రు, మరి ఏమైంది, 2018ల సవరణ తెచ్చి రీసైకిల్ కానిది, కాలవెట్టి వేడి తియ్యనీకి పనికిరానిది, ఇంకేదానికీ అక్కరకు రానిది అని మాట మార్చిన్రు. సిమెంట్ ఫ్యాక్టరీ బట్టీల ఏదైనా కాల్తది గదా, ఇగ దానికి చిక్కే ప్యాకెట్ ఏది? గుట్కా అయితే ప్లాస్టిక్ ప్యాకెట్ల అమ్మొద్దని సాఫ్‌గ రాసే ఉన్నది, పాన్ డబ్బా కాడికి పోయి చూడున్రి ఎట్ల అమ్ముతున్నరో. పప్పు అమ్మెటోళ్ల దగ్గరికి మాత్రం జీప్ ఏసుకోని వస్తరు.

సలహా అంటే నా దగ్గర పెద్దగ ఏం లేదు. మా దిక్కు సిద్దిపేటల ఫంక్షన్లకు స్టీల్ ప్లేట్లు గిలాసలు ఇచ్చే స్టీల్ బ్యాంకులు పెట్టిన్రు, గట్లాంటిది కర్రీ పాయింట్లకు ఏమన్న అయితదేమో చూడున్రి.


ల్యాబ్‌కోటు:

క్యాన్సర్ సంగతి నేను చెప్తానండి, ఫుడ్ టెక్నాలజీ చదివి హైదరాబాద్‌లో ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో చేస్తున్నాను. కవర్లో సాంబారు తింటే క్యాన్సర్ అని ఒక్క మాటలో తేల్చేసే వీడియోలు పక్కన పెట్టండి, అలాగని ఏం కాదులే అని కూడా నేను అనను. ఆహారం పెట్టే ఏ ప్లాస్టిక్ నుంచైనా కొద్దో గొప్పో పదార్థం తిండిలోకి దిగుతుంది, ఎంత దిగొచ్చు అన్నదానికి దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ లిమిట్ పెట్టింది, కిలో ఆహారానికి 60 మిల్లీగ్రాములు. ఆ టెస్టు పాసైన ఫుడ్ గ్రేడ్ సరుకు ఒకటి, ఎక్కడో గోడౌన్లో పాత కవర్లు కరిగించి తీసిన సరుకు ఒకటి, రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, తేడా అంతా అక్కడే. వేడి ఎక్కువైన కొద్దీ, నూనె ఎక్కువైన కొద్దీ, ఎక్కువసేపు ఉన్న కొద్దీ ఎక్కువ దిగుతుంది. మీ మెనూలో అన్నిటికన్నా ఇబ్బంది సాంబారు కాదు, నూనె తేలే కోడికూర ఇగురు.

ఎల్‌డీ కవరు సుమారు 110 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, దానికి చాలా ముందే మెత్తబడుతుంది. పొయ్యి మీంచి దించిన సాంబారు 90 పైనే ఉంటుంది. అదే పీపీ (పాలీప్రొపిలీన్) డబ్బాలు, అడుగున త్రికోణంలో 5 అని ఉంటుంది చూడండి, దాని కరుగుడు 160 దగ్గర, వేడికి అది చాలా నయం. అలాగని మరీ చల్లార్చి గోరువెచ్చగా పెట్టుకుని గంటలు గంటలు అమ్మకండి, 60 డిగ్రీల కిందకి వస్తే బ్యాక్టీరియా పెరుగుతుంది, ప్లాస్టిక్ భయంతో పోయి ఫుడ్ పాయిజన్ తెచ్చుకున్నట్టు అవుతుంది.

పేపర్ కప్పు అయితే సేఫ్ అని చాలామంది అనుకుంటారు. లోపల పల్చటి ప్లాస్టిక్ పొర లేకపోతే కాగితం టీని ఆపుతుందా? ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు పరీక్ష చేసి చూశారు, 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం పావుగంట ఉంచితే 25,000 దాకా మైక్రాన్ సైజు ప్లాస్టిక్ ముక్కలు అందులోకి వచ్చాయి. ఆ సిల్వర్ కవర్లు కూడా అంతే, లోపలివైపు ప్లాస్టిక్కే, పైగా రెండు మూడు పొరలు అంటించి ఉంటాయి కాబట్టి రీసైక్లింగ్ వాళ్లు ముట్టుకోరు. పీఎల్ఏ అని మొక్కజొన్న పిండితో చేసిన పారదర్శకమైన కప్పులు వస్తున్నాయి, మజ్జిగకీ జ్యూసుకీ బ్రహ్మాండం, వాటిలో వేడి సాంబారు పోస్తే 60 డిగ్రీలకే మెత్తబడి వంగిపోతుంది, కౌంటర్ మీదే సాంబారు పారుతుంది.

న్యూస్ పేపర్లో మాత్రం పునుగులు, బజ్జీలు కట్టకండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 ప్యాకేజింగ్ రెగ్యులేషన్స్‌లో వద్దని స్పష్టంగా ఉంది, సిరాలో సీసం లాంటివి ఉంటాయి, వేడి నూనె వాటిని లాగేసుకుంటుంది. ప్లాస్టిక్ బ్యాన్ అయిందని పేపర్ పొట్లాలకి పోతున్న బండ్లవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు ఈ మధ్య, బాధేస్తుంది.


ప్యాకింగ్‌బాబాయ్:

సాయంత్రం అన్నాను కదా, వచ్చా. బయో కవరు నిజమైనదా కాదా చూసుకోవడానికి మూడు దారులు. అసలు కంపోస్టబుల్, అంటే కుళ్లి ఎరువయ్యే, కవరుకి మందం రూలు లేదు కానీ తయారుచేసేవాడికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) సర్టిఫికెట్ ఉండాలి, ఐఎస్ 17088 అనే భారత స్టాండర్డుకి తూగాలి, కవరు మీద కంపోస్టబుల్ అనే మాట, కంపెనీ పేరు, సర్టిఫికెట్ నంబరు ఉండాలి. ఉత్త ఆకు బొమ్మ ఏసి "బయో", "ఎకో", "100 శాతం గ్రీన్" అని రాస్తే దానికి విలువ లేదు, నా మొహం కూడా ఆకుపచ్చ రంగేస్తే గ్రీనే. సీపీసీబీ వాళ్ల సైటులో సర్టిఫికెట్ ఉన్న కంపెనీల పేర్లు ఉంటాయి, ఆ కుర్రాడిని సర్టిఫికెట్ కాపీ అడుగు, పేరు సైటులో చూసుకో.

రెండోది, సర్టిఫికెట్ లేకపోయినా ఇంట్లో చేసే పని. కవరు మూలన గోరంత ముక్క కత్తిరించి, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లలో వేసి, బుడగలు లేకుండా వేలితో కిందకి నొక్కి వదిలేయి. మామూలు పాలిథిన్ నీటికన్నా తేలిక, టపీమని పైకి వచ్చేస్తది. అసలైన కంపోస్టబుల్ సరుకు నీటికన్నా బరువు, అడుగున కూర్చుంటది. తేలిందంటే నువ్వు మోసపోయినట్టే, అందులో డౌటు లేదు. మునిగితే మాత్రం ఖాయంగా అసలుదే అనుకోకు, సుద్దపొడి బాగా కలిపిన పాలిథిన్ కూడా మునుగుద్ది.

మూడోది ముక్క కాల్చి చూడటం, కొవ్వొత్తి వాసనొచ్చి బొట్లు బొట్లుగా కారితే పాలిథిన్. పిల్లలు లేనప్పుడు చేయి, ఆ బొట్టు చేతి మీద పడితే చర్మం ఊడొస్తది.

ఇంకో రకం ఉంది, ఆక్సో కవర్లు అంటారు, పాలిథిన్‌లో ఏదో మందు కలిపి ఎండకి పొడిపొడి అయ్యేలా చేస్తారు. ముక్కలవుద్ది కానీ పోదు. యూరప్ వాళ్లు 2021 నుంచి దాన్ని అసలు అమ్మనివ్వట్లేదు, ఇక్కడ మాత్రం ఇంకా "మూణ్ణెల్లలో మాయం" అని తిప్పుతున్నారు.


గోంగూరపప్పు:

బాబాయ్ గారూ తేలింది అండి 😡 పైకి వచ్చి చక్కగా ఈత కొడుతుంది. ఆ కుర్రాడికి ఫోన్ చేస్తే ఎత్తట్లేదు.

కిలోకి ఎన్ని వస్తున్నాయో కూడా లెక్కపెట్టించాను పాత కట్టలో, మీరన్నట్టే 700 దాటాయి.


తడిపొడి:

నేను ఒక మున్సిపాలిటీలో చెత్త వేరు చేసే షెడ్డుకి సూపర్‌వైజర్‌ని, కాంట్రాక్టు ఉద్యోగం. మీరందరూ కొనే దగ్గర గురించి మాట్లాడుతున్నారు, నేను పారేసిన తర్వాత ఏమవుద్దో చెప్తా.

కర్రీ పాయింట్ కవరు మా బెల్టు మీదకి ఎలా వస్తదంటే, జనం ముడి విప్పరు. మూలన కత్తెరతో కట్ చేసి గిన్నెలోకి వంచుతారు, రబ్బరు బ్యాండు అలాగే బిగించి ఉంటది, అడుగున రెండు స్పూన్ల పులుసు, పైన నూనె జిడ్డు, కరివేపాకు. కట్ చేసిన చిన్న మూల ముక్క వేరేగా సింకులోంచి కాలవలోకి పోయుంటది. ఆ కవరుని కడిగేవాళ్లు ఎవరూ లేరు, కడగకపోతే రీసైకిల్ వాడు కొనడు. పాల ప్యాకెట్ కూడా ప్లాస్టిక్కే, కానీ కాస్త మందంగా ఉంటది, ఒకేలాంటి మాలు, ఎంతమంది తెచ్చినా కొంటారు. కాబట్టి పేరుకి ప్లాస్టిక్ ఒకటే అయినా జిడ్డు కవరు గతి డంపింగ్ యార్డే. అది కూడా బండి దాకా వస్తే. మధ్యలో చెత్తకుండీ దగ్గర ఆవులు ముందే పట్టేస్తాయి, వాటికి లోపలి పులుసు వాసన వస్తది, కవరు విప్పుకుని తినే చేతులు లేవు కదా, మొత్తం మింగేస్తాయి.

ఇక అసలైన కంపోస్టబుల్ కవరు తెచ్చారే అనుకుందాం, సర్టిఫికెట్ ఉంది, నీళ్లలో మునిగింది. మా దగ్గరకి వచ్చాక అది కంపోస్టబుల్ అని మా ఆడవాళ్లు ఎలా గుర్తుపట్టాలి? బెల్టు మీద సెకనుకో ముక్క పోతా ఉంటది. కవరు లాగా కనపడ్డ ప్రతిదీ ఏరి ప్లాస్టిక్ కుప్పలో పడేస్తారు, ఏరాలి కూడా, లేకపోతే ఎరువు పాడైపోద్ది. ఆ కవరు కుళ్లాలంటే 58, 60 డిగ్రీల వేడి నిలబడే కంపోస్ట్ కుప్ప కావాలి, తడి ఆరకుండా, తిరగేస్తా వారాల తరబడి. ఇంటి పెరట్లోనో రోడ్డు పక్కనో పడితే అది కూడా మామూలు కవరు లాగే ఏళ్లు ఉండిపోద్ది, ఆవు కడుపులో అయితే చెప్పక్కర్లేదు.

తిరుమలలో 2021లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో వాళ్లు చేసిచ్చిన లడ్డూ కవర్లు పెట్టారు కదా, అక్కడ ఎందుకు కుదురుద్దంటే అలిపిరిలోనే చెకింగ్ ఉంది, లడ్డూ అమ్మేది ఒక్కళ్లే, కవరు ఇచ్చేదీ వాళ్లే, కొండ మీద చెత్త తీసేదీ వాళ్లే. మీ బజారులో పది మంది పది రకాల కవర్లు ఇస్తే ఎవరిది ఏదో దేవుడికి తెలియాలి.

నన్నడిగితే మెటీరియల్ మార్చడం మీద మీరు పెట్టే డబ్బు, బుర్ర, రెండూ కస్టమర్ గిన్నె తెచ్చుకునే దాని మీద పెట్టండి. మా షెడ్డుకి రాని కవరే మంచి కవరు.


దోసెలజర్మనీ:

తడిపొడి గారు చెప్పినదానికి ఇక్కడి సంగతి కలుపుతా. నేను డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉంటాను, ఇక్కడ 2023 జనవరి నుంచి పార్సిల్ ఇచ్చే హోటళ్లు వాడిపారేసే ప్లాస్టిక్ డబ్బాతో పాటు తిరిగి ఇచ్చే డబ్బా కూడా పెట్టాలని చట్టం, ఆ డబ్బాలో తీసుకుంటే రేటు ఎక్కువ ఉండకూడదు, డిపాజిట్ మాత్రం తీసుకోవచ్చు. అయిదుగురు పనివాళ్ల లోపు, 80 చదరపు మీటర్ల లోపు ఉన్న చిన్న కొట్లకి ఆ డబ్బాలు పెట్టే బాధ లేదు, కానీ కస్టమర్ ఇంటి నుంచి గిన్నె తెస్తే అందులో పోసి తీరాలి, అలా పోస్తామని బోర్డు కూడా పెట్టాలి. అంటే మీ కర్రీ పాయింట్ ఇక్కడుంటే మీకు పడేది ఆ ఒక్క రూలే అండి.

జనం అందరూ మారిపోయారా అంటే అదేం లేదు, చాలామంది ఇంకా వాడిపారేసే డబ్బానే అడుగుతారు. ట్యూబింగెన్ అనే ఊరు వాళ్లు అందుకే 2022 నుంచి వాడిపారేసే డబ్బాకి, కప్పుకి 50 సెంట్లు పన్ను వేశారు. దాని మీద ఒక బర్గర్ ఫ్రాంచైజీ కోర్టుకెళ్తే 2025 జనవరిలో ఇక్కడి రాజ్యాంగ కోర్టు పన్ను వెయ్యొచ్చు అని తేల్చేసింది. జేబుకి తగిలితేనే కదులుతారు ఎక్కడైనా.


ఫ్రీమాంట్‌శ్రీను:

మందం పెంచితే చాలు అనుకునేవాళ్లకి కాలిఫోర్నియా సంగతి ఒకసారి చూడండి. పల్చటి కవర్లు 2016లో ఓటింగ్ పెట్టి మరీ ఆపారు, మందం సంచి 10 సెంట్లకి అమ్ముకోవచ్చు, పదేపదే వాడతారు కదా అన్నారు. ఎవరు వాడారు, మందం సంచిని కూడా ఒకసారే వాడి పారేశారు, బరువు లెక్కన చెత్తలో ప్లాస్టిక్ ఇంకా పెరిగింది. చివరికి 2024లో ఇంకో చట్టం తెచ్చి 2026 జనవరి 1 నుంచి కొట్లలో బిల్లు దగ్గర ఆ మందం ప్లాస్టిక్ సంచులు కూడా తీసేశారు. 120 మైక్రాన్ల కవరు ఇచ్చి చేతులు దులుపుకునే ప్లాన్ ఉంటే మానుకోండి.


కాకినాడకాజా:

అక్కా మాది కూడా కర్రీ పాయింటే, కాకినాడలో. మేము చేస్తున్నది చెప్తాను, మీకు పనికొచ్చింది తీసుకోండి.

మొదట్లో గిన్నె తెచ్చుకుంటే రెండు రూపాయలు తగ్గిస్తామని రాశాం. ఒక్కళ్లు కూడా పట్టించుకోలేదు, రెండు రూపాయలకి ఎవడు గిన్నె మోస్తాడు అన్నట్టు చూసేవారు. తర్వాత బోర్డు తిప్పి రాశాం, కూర రేటు అదే, డబ్బా కావాలంటే 4 రూపాయలు ఎక్స్‌ట్రా. అప్పుడు కదిలారు అక్కా. తగ్గింపు వదులుకోవడం జనానికి ఏమీ అనిపించదు, ఎక్స్‌ట్రా అంటే మాత్రం ప్రాణం ఒప్పదు. వారం తిరిగేసరికి వీధి చివర నుంచి నడిచొచ్చే ఆడవాళ్లు, రిటైర్డ్ మాస్టార్లు, హాస్టల్ పిల్లలు స్టీలు గిన్నెలతో, పాత క్యారేజీలతో రావడం మొదలుపెట్టారు. ఆఫీసు నుంచి బండి మీద పోతూ ఆగేవాళ్లే డబ్బా కొంటారు, వాళ్లకి ఆ 4 రూపాయలు లెక్క కాదు. డబ్బా అంటే మామూలు పీపీ డబ్బా, చెరకు పిప్పి కాదు, పిప్పి గిన్నె మూత గట్టిగా పట్టదు, బండి మీద గతుకులు తగిలితే పులుసంతా సంచిలోనే. కడిగి తెస్తే అదే డబ్బాలో మళ్లీ పోసిస్తాం, వాళ్ల డబ్బా వాళ్లకే, ఇంకొకళ్లకి వాడం.

వేపుళ్లు, పొడికూరలు మాత్రం ఆకులోనే కట్టేస్తున్నాం. మన్యం నుంచి వచ్చే అడ్డాకు విస్తర్లు కుట్టినవి తెప్పించి సగానికి మడిచి పురికొసతో కడతాం, బెండకాయ వేపుడు దాంట్లో కవర్లో కన్నా కరకరలాడుతూ ఉంటది, కవర్లో ఆవిరి పట్టి మెత్తబడిపోద్ది కదా. పచ్చడికి అరిటాకు ముక్క. వానాకాలం అడ్డాకుకి బూజు పడుద్ది, పదిహేను రోజులకి సరిపడా మాత్రమే కొనండి, ఎండలో ఒకసారి వేసి తీయండి. వక్కపట్ట ప్లేట్లు బాగుంటాయి గానీ కర్రీ పాయింట్‌కి దండగ, అవి బిర్యానీ వాళ్లకి.

రసం, పెరుగు ఈ రెండూ తలనొప్పి. గిన్నె తేని వాళ్లకి పెరుగు 50 మైక్రాన్ల కవర్లోనే ఇస్తున్నాం, చల్లగానే ఉంటది కాబట్టి ల్యాబ్‌కోటు గారు తిట్టరనుకుంటా.


గోంగూరపప్పు:

కాజా గారూ చాలా థ్యాంక్స్ అండి, బోర్డు ఐడియా మా ఆయనకి చదివి వినిపించా, వెంటనే సుద్దముక్క కోసం వెళ్లాడు. రెండు డౌట్లు. ఒక్కొక్కళ్లు ఒక్కో సైజు గిన్నె తెస్తారు కదా, కొలత తగ్గిందని గొడవ పడరా? ఇంకోటి, వాళ్ల గిన్నె సరిగ్గా కడగకుండా తెచ్చి రాత్రికి పప్పు పులిసిపోయిందంటే మాట మా మీదకి వస్తది, అత్తయ్యకి ఈ భయం ఎక్కువ.


కాకినాడకాజా:

కొలతకి స్టీలు కప్పు పెట్టుకోండి అక్కా, పావు లీటరుది ఒకటి, అర లీటరుది ఒకటి. వాళ్ల కళ్ల ముందే కప్పు నిండా తీసి వాళ్ల గిన్నెలో వంచండి, కాటా అక్కర్లేదు. కవర్లో ఉన్నప్పుడే నిజానికి గొడవలు ఎక్కువ, గాలి నింపి కట్టారంటారు. పన్నెండున్నర రష్‌లో మాత్రం గిన్నెల లైను, డబ్బాల లైను వేరు చేయండి లేకపోతే వెనకవాళ్లు అరుస్తారు.


ల్యాబ్‌కోటు:

రెండోదానికి నేను చెప్తాను. కస్టమర్ గిన్నె మీ కౌంటర్ మీద పెట్టనివ్వకండి, ఒక స్టీలు ట్రే పెట్టి అందులో పెట్టమనండి, ట్రేని గంటకోసారి వేడినీళ్లతో కడగండి. మీ గరిటె గానీ కొలత కప్పు గానీ వాళ్ల గిన్నెకి తగలకూడదు, పైనుంచి వంచాలి. గిన్నె తడిగా ఉన్నా, వాసనొచ్చినా పోయనని మొహమాటం లేకుండా చెప్పేయండి, ఆ ముక్క బోర్డు మీద కూడా ఉండాలి. పప్పు పులవడం ఎక్కువగా గిన్నె వల్ల కాదు, మధ్యాహ్నం కొన్నది ఫ్రిజ్‌లో పెట్టకుండా రాత్రికి తినడం వల్ల. అత్తయ్య గారికి కావాలంటే వండిన టైము ఒక చీటీ మీద రాసి పెట్టమనండి.


ప్యాకింగ్‌బాబాయ్:

అమ్మా ఆ తేలిన కవర్లు వాపసు ఇచ్చేటప్పుడు ఒక పది దాచుకో, ఆ కుర్రాడి బిల్లుతో సహా. మళ్లీ తనిఖీకి వస్తే ఎవరు అమ్మారో చూపించు, మునిగేది నువ్వొక్కదానివే ఎందుకు. పీపీ డబ్బాలు కావాలంటే మూతలు విడిగా ఇచ్చే సరుకు కొనకు, మూత సైజు మారితే మొత్తం దండగ. ఒకే కంపెనీది, అడుగున 5 ఉన్నది, ముందు ఒక్క కట్ట తెచ్చుకుని సాంబారు పోసి తలకిందులుగా పెట్టి చూసి అప్పుడు ఆర్డర్ ఇవ్వు.